పాట కింద ఆగని మోత

మంగళవారం సెకొండీ రేవులో పడవలు సముద్రంలోకి వెళ్ళవు. ఆ ఒక్కరోజూ సముద్రానిది, మనుషులు దాని జోలికి పోకూడదు. రేవు పక్కనే గది తీసుకుని పాటలు రికార్డు చేసుకుని బతికే ఎబోకి మాత్రం ఆ రోజే పండగ. మోటార్ల రొద ఉండదు, చేపల బేరాల గోల ఉండదు, మైకు ముందు చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. అందుకే పెద్దమ్మ పాటకి మంగళవారం పెట్టుకున్నాడు. పైగా ఇంకో మంగళవారం దాకా ఆగే వీల్లేదు. శుక్రవారం రాజధాని అక్రాలో ఆవిడ గొంతుకి ఆపరేషన్. లోపలి గడ్డతో పాటు మాట పుట్టే పెట్టెని కూడా తీసెయ్యాలని డాక్టరు ముందే చెప్పేశాడు. మనిషి దక్కుతుంది, మాట దక్కదు.

పెద్దమ్మ అంటే ఎబో తల్లికి అక్క, అరబా న్యానెబా. తల్లి పోయాక ఎబోని పెంచింది ఆవిడే. చాపెల్‌లో ఆవిడకి ఏ పదవీ లేదు గానీ, ఆవిడ నోరు తెరవకపోతే ఆదివారం ఆదివారంలా ఉండేది కాదు. ప్రసంగంలో ఎక్కడో గుండెకి తగిలే మాట వస్తుంది. పాస్టరు ఊపిరి తీసుకునేలోపు ఆవిడ కూర్చున్న చోటినుంచే పాట ఎత్తుతుంది. ఆ పాటకి కాగితం లేదు. అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలు, వాటికి బెంచీలన్నీ కలిసి ఇచ్చే జవాబు, అంతే. ఒకసారి పాడింది మళ్ళీ అలాగే పాడమంటే ఆవిడ వల్ల కూడా కాదు.

ఊళ్ళో ఎవరు పోయినా మొదటి పాట ఆవిడదే. ఆపరేషన్ సంగతి తెలిసిన రోజున ఎబో దగ్గరికి వచ్చి, బొంగురు గొంతుతోనే నవ్వుతూ చెప్పింది.

"అందరి చావులకీ నేనే ఎత్తాను కదరా పాట. మరి నా చావుకి ఎవరెత్తుతారు? ఆ ఎఫువా ఎత్తుతుందా? దాని గొంతు వింటే శవప్పెట్టెలోంచి లేచి కూర్చుంటాను. నాది నేనే ఎత్తుకుంటాను. నీ మిషన్‌లో పెట్టి దాచు. శుభ్రంగా ఉండాలి సుమా, గరగరలూ గురగురలూ ఉంటే ఒప్పుకోను."

ఆవిడ జీవితంలో ఎబోని అడిగింది అదొక్కటే. హిప్‌లైఫ్ పాటల కుర్రాళ్ళ అరుపులు రికార్డు చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు, ఇదేం పెద్ద పనా అనుకున్నాడు పాపం.

మంగళవారం పొద్దున్నే ముగ్గురూ వచ్చారు. పెద్దమ్మ చాపెల్‌కి కట్టుకునే తెల్లబట్ట కట్టుకుని వచ్చింది. జవాబు పాడడానికి ఆ ఎఫువానే, పూర్తి పేరు ఎఫువా అట్టా, వచ్చింది, ఆవిడతో పాటు అల్లం టీ ఫ్లాస్కూ వచ్చింది. చాపెల్‌లో పెద్దమ్మ పాట కింద కీబోర్డు పట్టే కోబినా సాకీ మెరిసే బూట్లతో, తన పెళ్ళికి తనే వచ్చినట్టు వచ్చాడు. పెద్దమ్మకి ఉద్వేగం ముంచుకొచ్చిందంటే శ్రుతి ఉన్నచోట ఉండదు, అటక ఎక్కినట్టు పైకి పాకుతుంది. ఎంత పైకి పాకినా సాకీ వెంటే ఉంటాడు. ఎలా ఉంటాడని ఎవరూ అడగలేదు. అది ఆయన గొప్పతనం కిందే జమకట్టేశారు.

"మీరు మామూలుగా చాపెల్‌లో వాయించినట్టే వాయించండి బాబాయ్" అన్నాడు ఎబో.

"ఇరవయ్యేళ్ళనుంచి మీ పెద్దమ్మ వెనకాల పరుగెడుతున్నాను. నువ్వు నాకు చెప్పాలా?" అన్నాడు సాకీ.

ఇక్కడ ఎబో కీబోర్డు సంగతి కాస్త చెప్పాలి. చాపెల్‌లోని కీబోర్డు తన శబ్దం తనే చేస్తుంది. ఎబో గదిలోదానికి సొంత గొంతు లేదు. అది కంప్యూటర్‌కి కబుర్లు మోసే మనిషి లాంటిది. మీట నొక్కితే 'ఫలానాది నొక్కారు' అని ఒక కబురు, వదిలితే 'ఫలానాది వదిలారు' అని ఇంకో కబురు. మిడి అంటారు ఆ కబుర్ల భాషని. శబ్దం చేసేది కంప్యూటరు. మొదటి కబురు అంది రెండోది అందలేదనుకోండి, కంప్యూటర్ ఏం చేస్తుంది? ఇంకా నొక్కే ఉన్నారనుకుని ఆ స్వరాన్ని మోగిస్తూనే ఉంటుంది. దానికి అలుపూ లేదు, అనుమానమూ లేదు.

చెవులకి హెడ్‌ఫోన్ పెట్టబోతే పెద్దమ్మ తీసి పక్కన పడేసింది.

"చెవులు మూసుకుని ఎవరికి పాడనురా? సాకీ నాకు మామూలుగా వినపడాలి."

సరే అని చిన్న స్పీకర్ ఒకటి తగ్గించి పెట్టాడు. దాని చప్పుడు కొంచెం మైకులో పడినా పాటకి అందమే అనుకున్నాడు. అద్దానికి అవతల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అక్కడినుంచి పెద్దమ్మ ముఖం, ఎఫువా ముఖం, సాకీ వీపు కనపడతాయి.

పెద్దమ్మ మొదలుపెట్టింది. "తెడ్డు విరిగింది తండ్రీ, తీరం కనపడదు." ఎఫువా అందుకుంది: "పడవ నీదే, అల నీదే." గొంతు బొంగురుగానే ఉంది, కానీ ఆ బొంగురులో ఒక రుచి ఉంది. రెండు చరణాలు గడిచేసరికి ఆవిడ కళ్ళు మూసుకుంది. గొంతు పైకి లేచింది. సరిగ్గా అప్పుడే అడుగున ఒక స్వరం నిలిచిపోయింది. సాకీ వేరే మీటలకి మారిపోయాడు, అయినా అది మాత్రం 'ఊఁ' అంటూ అలాగే ఉండిపోయింది. కొత్త శ్రుతికి దానికీ పొత్తు కుదరక, చెవిలో జోరీగ దూరినట్టయింది. పెద్దమ్మ తడబడి కళ్ళు తెరిచింది. పాట తెగిపోయింది.

"ఏంట్రా అది?"

"ఏం లేదు పెద్దమ్మా, ఒక స్వరం ఇరుక్కుంది. ఇప్పుడే చూస్తాను."

ఇలాంటప్పుడు నొక్కడానికి కంప్యూటర్‌లో ఒక బటన్ ఉంటుంది. అన్ని స్వరాలనీ వదిలెయ్యమని ఒకేసారి చెప్పేస్తుంది. అది నొక్కగానే మోత ఆగింది. కానీ అప్పటికే పాట పోయింది.

ఎబో ముందు పాదంతో తొక్కే పెడల్‌ని అనుమానించాడు. అన్ని ఊళ్ళలోనూ మొదటి దొంగ అదే. ఊడదీసి మూల పడేశాడు. కేబుల్ మార్చాడు. గుచ్చే రంధ్రం మార్చాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాడు. తర్వాత తనే కూర్చుని కీబోర్డు మీద ఆ చివరినుంచి ఈ చివరికి తెగ వాయించాడు. ఒక్క స్వరమూ ఇరుక్కోలేదు. సాకీని వాయించమన్నాడు. సాకీ వాయించాడు, అప్పుడూ ఇరుక్కోలేదు.

"చూశావా? నా తప్పేం లేదు" అన్నాడు సాకీ బూటు తుడుచుకుంటూ.

"మీ తప్పని ఎవరన్నారు బాబాయ్?"

"అనలేదు. నువ్వు చూసే చూపు అలా ఉంది."

రెండోసారి పెద్దమ్మ వేరే మాటలతో ఎత్తుకుంది, ఈసారి చనిపోయిన చెల్లెలి గురించి. అంటే ఎబో తల్లి గురించి. రెండు చరణాలు బాగానే ఉన్నాయి. మూడోదానికి ఆవిడ గొంతు గట్టు దాటింది. మళ్ళీ అక్కడే, సరిగ్గా అక్కడే, ఆ పాడు మోత. ఎబో గబుక్కున ఆపే బటన్ నొక్కాడు. మోతతో పాటు సాకీ వాయిస్తున్నదంతా టక్కున తెగిపోయింది. కాళ్ళకింద నేల లాగేసినట్టు పెద్దమ్మ ఆగిపోయి గోడ పట్టుకుంది.

ఎఫువా అట్టా శిలువ గుర్తు వేసుకోలేదు గానీ, వేసుకున్నంత పని చేసింది.

"అరబా, అది పోయిన నీ మొగుడే. కోరస్‌లో అందరూ ఆపేశాక ఆయన ఒక్కడే లాగేవాడు కాదూ? అచ్చం అలాగే ఉంది."

"ఆయనే అయితే ఈపాటికి ఆకలేస్తోందని ఆపేసి కెంకే ముద్ద ఎక్కడుందని అడిగేవాడు" అంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వు మాత్రం దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఎఫువా టీ పోసింది. ఎక్కువ మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పాడొద్దని చెప్పలేదు, ఎందుకంటే ఈవిడ అడగలేదు.

ఎబో బయటికి వెళ్ళి కుమాసీలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. కేబుల్ అయ్యుంటుంది అన్నాడు వాడు. మార్చానన్నాడు ఎబో. అయితే కరెంటు అయ్యుంటుంది అన్నాడు. బ్యాటరీ మీద నడుపుతున్నానన్నాడు. అయితే నాకు తెలీదు అన్నాడు వాడు నిజాయితీగా. ఇంటర్నెట్‌లో వెతికితే ప్రపంచంలో ఉన్నవాళ్ళందరికీ ఇదే రోగం, ఒక్కొక్కడిదీ ఒక్కో మందు. ఎబోకి తల తిరిగింది. తను వాయిస్తే ఇరుక్కోని స్వరం, సాకీ ఒక్కడూ వాయిస్తే ఇరుక్కోని స్వరం, పెద్దమ్మ గొంతు విప్పితేనే ఎందుకు ఇరుక్కుంటుంది? అదీ ఆవిడ బాగా పాడినప్పుడే! మామూలుగా పాడితే పెద్దమనిషిలా ఊరుకుంటోంది. యంత్రాలకి పగ ఉండదని తెలుసు. తెలిసినా ఆ క్షణాన దాన్ని సముద్రంలోకి విసిరెయ్యాలనిపించింది, మంగళవారం కాకపోతే విసిరేసేవాడేమో.

"పెద్దమ్మా, కీబోర్డు వద్దు. ఒట్టి గొంతుతో పాడు. పాతకాలంలో అలాగే పాడేవాళ్ళు కదా" అన్నాడు లోపలికొచ్చి.

ఆవిడ ప్రయత్నించింది. సాకీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ స్పాంజి అతికించిన గోడలు, ఆ గదిలో మాట నోటినుంచి బయటపడగానే చచ్చిపోతుంది. పెద్దమ్మ నాలుగు మాటలు పాడి ఆగింది. మళ్ళీ నాలుగు పాడింది. మాటలు వస్తున్నాయి, పాట రావడం లేదు.

"లేదురా" అంది. "బావిలోకి తొంగిచూసి పాడుతున్నట్టుంది. సాకీ, నువ్వు పట్టు. ఇంకొక్కసారి ఉంది నాలో. రెండు లేవు."

ఆ 'రెండు లేవు' అన్న మాటకి ఎబో వైర్లన్నీ మళ్ళీ ఓసారి తడిమి చూశాడు. ఇంకేం మార్చాలో, ఏం ఊడదియ్యాలో తెలియలేదు. చివరికి కీబోర్డు వెనక కేబుల్ గుచ్చినచోట కాస్త వదులుగా ఉందేమోనన్న వెర్రి ఆశ పట్టుకుంది. పాట అయ్యేంతసేపూ దాన్ని చేత్తో నొక్కి పట్టుకుంటానన్నాడు. రికార్డింగ్ మొదలుపెట్టి, అద్దం ఇవతలికొచ్చి, సాకీ మోకాళ్ళ పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"ఇంత చదువు చదివి చివరికి నా కాళ్ళ దగ్గరికొచ్చావు" అన్నాడు సాకీ.

"నోరు ముయ్యి సాకీ" అంది పెద్దమ్మ. అని, కళ్ళు మూసుకుని, పాట ఎత్తింది.

అది ఎలాంటి పాటో తర్వాత ఎబో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాడు. మొదటి మాటనుంచే ఆవిడ తన చావు ముందు నిలబడి దాన్ని పేరుపెట్టి పిలిచినట్టు పాడింది. తను పాటెత్తి సాగనంపినవాళ్ళందరినీ వరసగా తలుచుకుంది. మీరు నా గొంతు మీద నడిచి అవతలికి వెళ్ళారు, ఇప్పుడు నాకు దారేదని అడిగింది. ఎఫువా ఏడుస్తూనే జవాబిచ్చింది: "పడవ నీదే, అల నీదే." గొంతు పైకి లేచింది. ఇంకా లేచింది.

అప్పుడు చూశాడు ఎబో. నేలమీద కూర్చున్నాడు కాబట్టి కనపడింది. సాకీ ఎడమచెయ్యి అడుగు స్వరం మీద నొక్కే ఉంది. కుడిచెయ్యి మీటలు వదిలి, పక్కనున్న చిన్న బటన్ మీదికి వెళ్ళింది. బొటనవేలితో ఒక్కసారి టిక్కుమనిపించింది. శ్రుతిని ఒక మెట్టు పైకి జరిపే బటన్ అది. ఎబో దాన్ని ఎన్నడూ ముట్టుకున్నవాడు కాదు. సాకీకి వచ్చింది ఒక్క శ్రుతే. ఇరవయ్యేళ్ళుగా ఒకే చోట వేళ్ళు పెట్టుకుని, పెద్దమ్మ పైకి పాకినప్పుడల్లా బటన్ నొక్కి వెంటపడుతున్నాడు. అదీ ఆయన రహస్యం.

చాపెల్‌లో కీబోర్డు తన శబ్దం తనే చేసుకుంటుంది కాబట్టి దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. ఇక్కడ మాత్రం, పాత శ్రుతిలో నొక్కిన మీటని కొత్త శ్రుతిలో వదిలాడు. వదిలారన్న కబురు పక్కింటికి వెళ్ళింది. కంప్యూటర్‌కి 'నొక్కారు' అన్నది ఒక స్వరం గురించి, 'వదిలారు' అన్నది ఇంకో స్వరం గురించి అందింది. మొదటి స్వరాన్ని వదిలిన నాథుడు లేడు. అది మోగుతూనే ఉంది.

తెలిసింది. రోజంతా వెతికింది కళ్ళముందే, జానెడు దూరంలో ఉంది. కానీ ఎబో ఏం చేస్తాడు? ఆపే బటన్ అద్దం అవతల ఉంది. లేచి వెళ్ళాలంటే పెద్దమ్మ ముందునుంచి వెళ్ళాలి, తలుపు తియ్యాలి. వెళ్ళి నొక్కితే అంతా తెగిపోతుంది, ఇందాకటిలాగే. చేతిలోని కేబుల్ పీకినా లాభం లేదు, వదిలారని చెప్పే దిక్కు ఉండదు కాబట్టి మోత మరీ నిశ్చింతగా మోగుతుంది. ఏ తప్పూ చెయ్యని ఆ కేబుల్‌ని అలాగే నొక్కిపట్టుకుని కూర్చున్నాడు.

పెద్దమ్మ ఈసారి ఆగలేదు. నుదురు ముడుచుకుంది, మోత వినపడిందని తెలుస్తూనే ఉంది. దాన్ని తోసుకుంటూ పాడింది. ఎదురుగాలిలో తెడ్డేసినట్టు ఒక్కో మాటా లాగింది. "దిగుతున్నాను తండ్రీ, చెయ్యి..." అంది. ఆ తర్వాతి మాట రాలేదు. నోరు తెరిచే ఉంది. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఎఫువా జవాబు కోసం నోరు తెరిచి, జవాబివ్వడానికి ప్రశ్న పూర్తికాక, కొంగు నోట్లో కుక్కుకుంది. సాకీ చేతులు పైకి తీసేశాడు. గదిలో ఆ ఒక్క స్వరం మిగిలింది. ఎబో అవతలికి వెళ్ళి నొక్కేదాకా అది మోగుతూనే ఉంది.

"బాబాయ్, మీ బొటనవేలు" అన్నాడు ఎబో తిరిగొచ్చి. కోపంగా అందామనుకున్నాడు, ఏడుపు గొంతుతో వచ్చింది.

సంగతి చెప్పాడు. సాకీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ముఖం చూడలేకపోయారు ఎవరూ.

"చెయ్యి ఎత్తి నొక్కితే చాలా? అంతేనా?" అన్నాడు. బటన్ నొక్కే ముందు ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. స్వరం బుద్ధిగా ఆగింది. మళ్ళీ చూపించాడు. మళ్ళీ ఆగింది. "చూడు అరబా, ఇప్పుడు బాగయింది. ఇంకొక్కసారి. ఈసారి నేను ఎత్తి నొక్కుతాను. ప్రమాణంగా."

పెద్దమ్మ ప్రయత్నించింది. ఆయన కోసమే ప్రయత్నించిందని ఎబోకి ఇప్పటికీ అనిపిస్తుంది. లేచి నిలబడింది, బట్ట సర్దుకుంది, నోరు తెరిచింది. చిల్లుపడ్డ టైరులోంచి వచ్చినట్టు గాలి వచ్చింది. బొట్టు టీ తాగి ఇంకోసారి చూసింది. తర్వాత కూర్చుని, వెళ్దాం పదండని చేత్తో సైగ చేసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి ఇప్పుడు. కేబుల్ బాగుంది, కీబోర్డు బాగుంది, కరెంటు ఉంది, తప్పు ఏదో తెలిసింది. పాడే గొంతు ఒక్కటే లేదు.

శుక్రవారం ఆపరేషన్ జరిగింది. గొంతు మళ్ళీ రాలేదు.

ఆ పాట నుంచి ఆ మోతని తియ్యడానికి ఎబో చెయ్యని పని లేదు. స్పీకర్ చప్పుడంతా గొంతుతో పాటే మైకులో పడిపోయింది. మోతని గీకుతుంటే గొంతూ ఊడి వస్తోంది. కాస్త ఎక్కువ గీకితే పెద్దమ్మ గొంతు రేకు డబ్బాలో ఎవరో మాట్లాడినట్టయిపోతోంది. తక్కువ గీకితే మోత అలాగే ఉంటోంది.

ఆవిడ ఇంటికొచ్చాక, మెడకి బట్ట చుట్టుకుని మంచం మీద కూర్చున్నప్పుడు, ఉన్నది ఉన్నట్టుగా వినిపించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. మోత మొదలైనచోట కళ్ళు తెరిచింది. చివరిదాకా విని, చెవి చూపించి, చేత్తో ఈగని తోలినట్టు తోలింది. అది తీసెయ్యి అని.

"తీసేస్తాను పెద్దమ్మా" అన్నాడు ఎబో.

ఎప్పుడు అన్నట్టు గడ్డం ఎత్తింది.

"వచ్చేవారం."

చిన్నప్పుడు అబద్ధమాడితే చెంప మీద ఒకటిచ్చి నిజం కక్కించిన మనిషి. వాడి ముఖంలోకి కాసేపు చూసింది. చూసి, నెత్తిమీద చెయ్యి వేసి నిమిరింది. దానికంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేదనిపించింది ఎబోకి.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం ఆవిడ చాపెల్‌కి వచ్చింది. ఎప్పుడూ కూర్చునే బెంచీ మీదే కూర్చుంది. ఎబో ఆవిడ పక్కన కూర్చున్నాడు. పాస్టరు దారి తప్పిన పడవల గురించి చెబుతున్నాడు, బాగానే చెబుతున్నాడు. ఒకచోట గుండెకి తగిలే మాట వచ్చింది, ఏళ్ళ అలవాటుకొద్దీ ఆయన అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అదే అలవాటుతో సాకీ ఎడమచెయ్యి అడుగు స్వరం నొక్కేసింది. అందరి తలలూ ఈ బెంచీ వైపు తిరిగాయి. పెద్దమ్మ నోరు తెరిచే ఉంది. ఎఫువా అట్టా జవాబుకి సిద్ధమై ముందుకు వంగింది. ఆ స్వరం చాపెల్ అంతా నిండి, ఎవరూ రాని ఇంట్లో వెలిగించిన దీపంలా కాసేపు అలాగే ఉంది.

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. సాకీ చెయ్యి ఎత్తాడు. స్వరం వెంటనే ఆగిపోయింది.